ఓరిన్ పెట్టిన అర్జీ

డెల్బర్ట్ హాచర్ తన తండ్రినాటి తుపాకీని చిన్న కొడుకు చేతిలో పెట్టాడు. అదీ పెద్ద కొడుకు ఓరిన్ కళ్ళెదుటే, ఎల్క్ దుప్పుల వేట మొదలయ్యే రోజు పొద్దున్నే, అందరూ కూర్చుని పాన్‌కేకులు తింటుండగా.

"నా మోకాళ్ళు ఇక కొండెక్కవురా వేడ్. ఇది నువ్వుంచుకో," అన్నాడు ముసలాయన, సిరప్ సీసా అందించినంత తేలిగ్గా.

ఓరిన్‌కి ఇక తినబుద్ధి కాలేదు, పళ్ళెం పక్కకి నెట్టేశాడు. ముప్పై ఏళ్ళుగా సీజను అయిపోగానే ఆ గొట్టం తుడిచి నూనె పెడుతున్నది ఎవరు? తుపాకీ వెనక మడమ చెక్క పగిలితే, మంచులో అరవై మైళ్ళు పోయి బాగు చేయించుకొచ్చింది ఎవరు? ఈ వేడ్ గాడు పదిహేనేళ్ళు డెన్వర్‌లో వెలగబెట్టి, కాపురం చెడగొట్టుకుని, నాలుగు నెలల కిందట ఒక కుక్కతో, రెండు పెట్టెలతో దిగాడు. నాన్న ఇంటి వెనకాల చక్రాల ఇల్లు లాంటి ట్రైలర్‌లో మకాం పెట్టాడు. పెట్టిన రోజు నుంచీ ముసలాయన నోట వేడ్ మాటే.

"వాడికా?" అన్నాడు ఓరిన్.

"నీకు ఇంట్లో అయిదు తుపాకులున్నాయి కదరా. వాడికేముంది చెప్పు?"

"వద్దు నాన్నా, అన్నయ్యకే ఇచ్చెయ్," అన్నాడు వేడ్, పళ్ళెంలోంచి తలెత్తకుండా.

ఆ మాటతో ఓరిన్ ఒళ్ళు భగ్గుమంది. వద్దన్నా చేతికొస్తుంది వాడికి. అడుక్కున్నా రాదు తనకి. చిన్నప్పటి నుంచీ ఇదే వరస.

ఆ రాష్ట్రంలో ఎర్రజెండా చట్టం అని ఒకటుంది. ఫలానా మనిషి చేతిలో తుపాకీ ఉంటే ప్రమాదమని ఇంట్లోవాళ్ళెవరైనా ప్రమాణం చేసి అర్జీ పెడితే, జడ్జి ఆ తుపాకీ తీయించేస్తాడు. ఆ చట్టమంటే ఓరిన్‌కి పడదు. కిందటేడు కౌంటీ కమిషనర్ల ముందు గంటసేపు దుమ్మెత్తి పోశాడు. "రేపు పడనివాడెవడో కుళ్ళుకుని సంతకం పెడితే నా తుపాకీ పట్టుకుపోతారా? మన హక్కు వాడి నోటి మీద ఆధారపడాలా?" అని అరిస్తే ఊరు ఊరంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. అంతలా తిట్టాలంటే చట్టం మొత్తం అక్షరం వదలకుండా చదవాలి కదా. చదివాడు. అందుకే అందులో ఉన్న సందు కూడా అతనికే తెలుసు. తాతలనాటి పాత తుపాకీ అయితే కౌంటీ పోలీసు అధికారి షెరిఫ్ దగ్గరే మూలుగుతూ ఉండనక్కర్లేదు. వేరే ఇంట్లో ఉండే రక్తసంబంధీకుడికి అప్పగించవచ్చు.

మూడు రోజులు నిద్రపట్టక దొర్లి, నాలుగోనాడు కోర్టుకెళ్ళాడు.

కాగితాలు తీసుకునే గుమాస్తా కళ్ళజోడు పైనుంచి చూసింది. "అయ్యో, మీరా? ఆ రోజు బల్ల గుద్ది మాట్లాడింది మీరే కదండీ?"

"అది వేరు. ఇది మా ఇంటి సంగతి," అని గొణిగాడు ఓరిన్.

అర్జీలో ఏం రాయాలి? వేడ్ సరిగ్గా తినడం లేదు, నిజమే. ప్రాణంలా చూసుకునే కుక్కని మొన్న పక్కింటివాళ్ళకి ఇచ్చేశాడు, అదీ నిజమే. ఇవి చాలవనిపించింది ఓరిన్‌కి. ఇంకొకటి కల్పించాడు. "ఇక నాకేదీ అక్కర్లేదు అన్నయ్యా" అని తమ్ముడు తనతో అన్నాడని రాసి, చెయ్యెత్తి ప్రమాణం చేశాడు. గురువారం మధ్యాహ్నం షెరిఫ్ మనుషులు ట్రైలర్‌కి వెళ్ళి తుపాకీ పట్టుకెళ్ళారు.

"తుపాకీ కోసమే కదూ?" అంది ఓరిన్ భార్య ట్వైలా.

"తమ్ముడి కోసం."

"నీ మొహం," అని ఆవిడ ఆ వారమంతా మాట్లాడలేదు. ముసలాయన ఫోనే ఎత్తలేదు.

రెండు వారాలకి విచారణ. వేడ్ అరుస్తాడు, అబద్ధమంటాడు, లాయర్‌ని తెచ్చుకుంటాడు అనుకుని ఓరిన్ జవాబులన్నీ బట్టీపట్టి వెళ్ళాడు. వేడ్ ఒక్కడే వచ్చాడు. గడ్డం గీసుకుని, నాన్న పాత కోటు వేసుకుని ఉన్నాడు. ఆ కోటు మీద కూడా ఓరిన్ కన్ను పడింది.

"ఇందులో రాసినదానికి మీరేమంటారు?" అని జడ్జి అడిగింది.

వేడ్ లేచి నిలబడ్డాడు. "నిజమేనండీ. ఆ చివరి మాట నేను పైకి అన్నట్టు మాత్రం గుర్తులేదు. లోపల రోజూ అనుకునేవాణ్ణి. తుపాకీ వద్దని నాన్నతో అందుకే అన్నాను. ఇచ్చాక మాత్రం ఇక రోజు కూడా ఖాయం చేసుకున్నానండీ. వచ్చే ఆదివారం అని. దానికి ముందు గురువారమే షెరిఫ్ మనుషులొచ్చారు. ఇప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాను. నిద్ర పడుతోంది."

ఓరిన్ తన చేతిలోని కాగితాలు మడిచి జేబులో పెట్టేసుకున్నాడు.

ఏడాదిపాటు వేడ్ తుపాకీ ముట్టకూడదని జడ్జి ఉత్తర్వు రాసింది. తుపాకీ ఎవరి దగ్గరుంచాలని అడిగితే, వేడ్ వెనక్కి తిరిగి వేలు చూపించాడు. "మా అన్నయ్య దగ్గర."

బయట వరండాలో వేడ్ వచ్చి ఓరిన్‌ని గట్టిగా వాటేసుకున్నాడు. "నీకెలా తెలిసింది అన్నయ్యా? నేనెవ్వరికీ చెప్పలేదే. అంత నవ్వుతూ తిరిగానే."

నిజం చెప్పేయాలని ఓరిన్ నోరు తెరిచాడు. "కుక్కని ఇచ్చేశావు కదరా," అని మాత్రం వచ్చింది.

డెల్బర్ట్ కర్ర ఊతంగా నడుచుకుంటూ దగ్గరికొచ్చాడు. పెద్ద కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి అక్కడ పడి ఎన్నేళ్ళయిందో ఓరిన్‌కి గుర్తు లేదు. "పక్కనే ఉన్నాను, నా కళ్ళకి కనపడలేదురా. నీకు కనపడింది. నువ్వు చెయ్యబట్టి వీడు మిగిలాడు," అన్నాడు ముసలాయన.

యాభై రెండేళ్ళుగా ఓరిన్ ఎదురుచూసిన మాట అది. తుపాకీ వచ్చింది, మాటా వచ్చింది. తండ్రీ తమ్ముడూ కళ్ళనిండా నీళ్ళతో చూస్తున్నారు, తమ్ముడి మనసు కనిపెట్టి ప్రాణం కాపాడిన ఒక అన్నని. ఆ అన్న ఎవడోగానీ తను మాత్రం కాదు. వాణ్ణి చూసి కుళ్ళుతో ఓరిన్‌కి కడుపు రగిలిపోయింది.