గోళ్ల రంగు గీత

ఆ ఇంట్లో బండి నడిస్తే గొప్ప అతనిది, ఆగితే తప్పు ఆమెది. ఇందులో వాదించడానికేమీ లేదు. పెళ్లయిన నాటి నుంచీ అంతే. పిల్లల్లేరు. దానికీ తప్పు ఆమెదే.

ఆ స్కూటరు బండి కొన్నది ఆమె జీతంతో. తాళాలు రెండు. ఒకటి ఆమె సంచిలో, రెండోది అతని ప్యాంటు జేబులో. రెండోది మీకెందుకని అడిగితే, "బండన్నాక మగవాడి చెయ్యి పడుతుండాలి" అన్నాడు. ఆ చెయ్యి ఎప్పుడు పడుతోందో ఆమెకు కనిపించలేదు. సెలవు రోజున సబ్బునీళ్లతో కడిగేది ఆమె. పెట్రోలు పోయించేది ఆమె. గాలి కొట్టించేదీ ఆమే. బండి ఆగిపోయిన రోజు మాత్రం అతను పెరట్లోకొచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, తల అడ్డంగా ఊపేవాడు. "నేనేం చెప్పాను? నీ చేతిలో పడితే ఏ వస్తువు బతికింది గనక!"

ఆమె చేసేది రక్తం తెచ్చే పని. పొద్దున్నే ఇంటింటికీ వెళ్లి, జబ్బుపడ్డవాళ్ల దగ్గర సూదితో రక్తం తీసి, చల్లటి డబ్బాలో సర్దుకుని ల్యాబులో అప్పజెప్పాలి. ముసలివాళ్లు పరగడుపున గుమ్మంలో కుర్చీ వేసుకుని ఆమె కోసం చూస్తుంటారు. ఆమె ఆలస్యమైతే వాళ్ల టీ ఆలస్యం, మందు ఆలస్యం. షుగరున్నవాళ్లకు కళ్లు తిరుగుతాయి. ల్యాబు మేడం ఆమెను పిలిచి చెప్పేసింది: "నీ చెయ్యి మంచిది. సూది దిగినట్టే తెలియదంటారు అందరూ. నీ బండే చెడ్డది. ఇంకోసారి ఆగిందంటే ఆ వీధులు వేరేవాళ్లకిచ్చేస్తాను. నువ్వు లోపల కూర్చుని సీసాలు కడుక్కుందువుగాని."

సీసాలు కడగడం ఆమెకు తెలియని పనా? ఇంట్లో చేస్తున్నది అదే. ఆ వీధులు పోతే పోయేది జీతంలో ముక్క ఒక్కటే కాదు. పొద్దుటి గాలిలో, తన పేరున్న కార్డు మెడలో వేసుకుని, ఎవరి అనుమతీ అడగకుండా మలుపులు తిరిగే ఆ కాసేపు పోతుంది. రోజంతటిలో ఆమె ఎవరికీ కోడలూ పెళ్లామూ కాకుండా ఉండేది ఆ కాసేపే.

బండి మాత్రం ఆగుతూనే ఉంది. అతని అక్క పిల్లలతో దిగిన రోజు ఆగింది. కొత్త సూదుల మీద ల్యాబులో శిక్షణ పెట్టిన రోజు ఆగింది. "మంచిదే అయిందిలే, ఇవాళ ఇంటిపట్టున ఉండు. అక్కకు నడుం నొప్పి, వంట చెయ్యలేదు" అనేవాడు అతను. సాయంత్రానికి బండిని వీధి చివర తన స్నేహితుడి షెడ్డుకు తోసుకుపోయి తిరిగి తెచ్చేవాడు. ఒకసారి ఆమె కూడా వెంట వెళ్లింది.

"ఏమైందన్నా బండికి?"

మెకానిక్కు ఆమె మొహం చూడలేదు. ఆమె భుజం మీంచి అతని వైపు చూశాడు. "చెప్పినా మీకర్థం కాదులెండమ్మా. ఆ స్టూలు మీద కూర్చోండి, బట్టలకు గ్రీజు అంటుతుంది."

ఆమె కూర్చోలేదు. తిరిగొస్తూ దారంతా ఆ మాటే నమిలింది. చర్మం కింద కనబడని నరాన్ని వేలితో తడిమి పట్టుకుంటుంది తను. ఎండిపోయిన చేతుల్లో, వణికే చేతుల్లో, పెద్ద డాక్టర్లే దొరకలేదని వదిలేసిన చేతుల్లో పట్టుకుంది. కదలని ఇనుములో, మెదలని రబ్బరు గొట్టంలో ఏముందో తెలుసుకోవడం అంత కానిపనా? అర్థం కాదని చెప్పిందెవరు? చెప్పి చూసి, కాకపోతే కదా ఆ మాట అనాల్సింది? వంట నేర్పినప్పుడు నీకర్థం కాదని ఎవరూ అనలేదే. పుట్టుకతో వచ్చినట్టు గరిటె చేతికిచ్చారు. పానా దగ్గరికి వచ్చేసరికి బట్టలకు అంటుతుందట. పసుపు అంటదా బట్టలకు? మసి అంటదా? అత్తగారు మంచాన పడ్డ ఏడాది ఈ బట్టలకు ఏమేమి అంటాయో ఆ మెకానిక్కుకు తెలుసా?

మామగారు బస్సు డిపోలో పానాలు తిప్పి రిటైరయిన మనిషి. భార్య పోయాక మాటలు బొత్తిగా తగ్గించేశాడు. మిగిలిన కాసిని మాటల్లోనూ సగం తిట్లే. రోజంతా పెరటి గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని లోకాన్ని తప్పుపడుతుంటాడు.

"మామయ్యా, మీ పానాలు కావాలి" అంది ఆమె.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"దురద కందదే మామయ్యా. ఆగేది నా బండి."

ఆయన ఆమెను కిందనుంచి పైదాకా చూశాడు. కాలితో పక్కనున్న మంచం కింది గోనెసంచి చూపించాడు.

అప్పట్నుంచి మధ్యాహ్నాలు పెరట్లో గడిచేవి. బోర్లించిన బకెట్టు మీద ఫోను నిలబెట్టి, అందులో ఎవరో బండి విప్పి చూపిస్తుంటే తను కూడా విప్పేది. వంటింటి పని తెమిలాక, ఉతికిన బట్టలు ఆరేశాక, మళ్లీ టీ నీళ్లు పెట్టేలోపు. ఆయన నేర్పుతానని అనలేదు. తిట్టేవాడు. ఆ తిట్లలోనే పాఠం ఉండేది.

"తొయ్యకు పానాని. నీ వైపు లాగు. తోస్తే జారి వేళ్లు చిట్లుతాయి."

"తిరగట్లేదు మామయ్యా."

"అది నీ మొగుడు కాదు బతిమాలడానికి. బలం పెట్టు."

తిరిగింది. పాత ఇంజనాయిలు నల్లగా, వెచ్చగా, సన్నటి ధారగా తొట్టిలోకి దిగుతుంటే ఆమె చంటిపిల్లకు పాలు పట్టే తల్లిలా కదలకుండా కూర్చుంది. కొత్త ఆయిలు పోసింది. ఆత్రంలో ఎక్కువ పోసింది. బండి స్టార్టు చెయ్యగానే తెల్లటి పొగ పెరడంతా కమ్మింది. తీగ మీద ఆరేసిన బట్టలన్నీ ఆ వాసనే. అతను అన్నం కలుపుకుంటూ, "చేతకానమ్మకు చేష్టలెక్కువని ఊరికే అన్నారా!" అని నవ్వాడు. ఆ బట్టలు మళ్లీ ఉతికింది ఆమే. మర్నాడు మళ్లీ బోల్టు విప్పి, ఎక్కువైన ఆయిలు దించి, కొలపుల్ల తుడిచి ముంచి, గీతకు సరిగ్గా వచ్చేదాకా చూసుకుంది. ఈసారి పొగ రాలేదు. ఆయన ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడమంటే మెచ్చుకోవడమని ఆమెకు అప్పటికే తెలుసు.

గాలి వడపోసే జల్లెడ దులపడం నేర్చుకుంది. బ్రేకు తీగ బిగించడం నేర్చుకుంది. కాళ్లు పెట్టుకునే పలక దగ్గర చిన్న మూత ఉంటుంది, దానికొక స్క్రూ. మూత తీస్తే లోపల ఇంజనుకు నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు. దాని నెత్తిన రబ్బరు టోపీ. టోపీ లాగి, ప్లగ్గు విప్పి, కొసన పట్టిన మసిని గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ బిగించాలి.

"ముందు వేళ్లతో తిప్పు. దారి కుదిరాక పానా. ముందే పానా పెడితే మర చస్తుంది."

టోపీ నొక్కింది. టక్కుమని కూర్చుంది.

"అట్లా పలికిందంటే ఇంక దానంతట అది ఊడదు. చెయ్యి పెట్టి లాగితే తప్ప" అన్నాడాయన. ఎటో చూస్తూ మళ్లీ అన్నాడు: "డిపోలో పని అయిపోయాక నట్టునూ పక్క రేకునూ కలిపి ఒక రంగు గీత గీసేవాళ్లం. నట్టు కదిలితే గీత విరుగుతుంది. పొద్దున్నే డ్రైవరు కంటితో చూస్తే చాలు, పానాతో పని లేదు."

"రంగెక్కడ తేను?"

"నీ గోళ్ల రంగు ఏం చేస్తోంది? గిన్నెలు తోమే చేతికి అదెలాగూ నిలవదు."

నిజమే. పెళ్లిరోజుకు కొనుక్కున్న సీసా అలమరలో అలాగే ఉంది. ఆయిలు బోల్టుకు ఒక గీత, బ్రేకు నట్టుకు ఒక గీత, ప్లగ్గు మూత స్క్రూకు ఒక గీత. ఎర్రగా, సన్నగా. తన గోళ్లకు కూడా ఎప్పుడూ అంత పొందికగా వేసుకోలేదు.

బండి ఇప్పుడు చెప్పినట్టు వింటోంది. ఒకరోజు నడివీధిలో బ్రేకు వదులైనట్టనిపిస్తే దిగి, రక్తం డబ్బా పక్కన పెట్టి, సంచిలోంచి పానా తీసింది. దారిన పోయే పెద్దమనిషి ఆగాడు. "అయ్యో, మగాళ్లెవరినైనా పిలవనా అమ్మా?"

"పిలవండి. ఈ డబ్బా పట్టుకుంటారు."

పెద్దమనిషే పట్టుకున్నాడు. ఆమె నట్టు బిగించి, చేతులు తుడుచుకుని, డబ్బా అందుకుని వెళ్లిపోయింది. ఆ పూట కూడా ఏ ముసలివాళ్ల టీ ఆలస్యం కాలేదు.

ల్యాబు మేడం మళ్లీ పిలిచింది. కొత్త పేట మొత్తం ఆమెకే అప్పగిస్తానంది. అక్కడ రక్తం తెచ్చే అమ్మాయిలంతా ఆమె కింద పని చేస్తారు. రేపు పొద్దున పెద్ద డాక్టరు వస్తాడు, ఆమెను చూసి ఖాయం చేస్తాడు. "రేపు గనక రాలేదో, ఇంక నేను నీ తరఫున మాట్లాడలేను" అంది.

రాత్రి భోజనాల దగ్గర ఆమె ఆ సంగతి చెప్పింది. అతను ముద్ద ఆపాడు.

"అంటే ఇంకా ముందే పోతావా? మరి నా క్యారేజీ?"

"వండి పెట్టి వెళ్తాను. మీరు సర్దుకోండి."

"నేను సర్దుకోవాలా?" అని, మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు చిన్నగా నవ్వాడు. "సరే. ముందు బండి కదలనీ."

పొద్దున్న బండి కదల్లేదు.

బటను నొక్కితే కర్రు కర్రుమంది, అంటుకోలేదు. కిక్కు కొట్టింది. మళ్లీ కొట్టింది. అతను పళ్లపొడి చేత్తో పెరట్లోకొచ్చాడు. రెండో చెయ్యి నడుం మీద. "నేనేం చెప్పాను? అన్నీ విప్పి నాశనం చేశావు. మేడానికి ఫోను చేసి రాలేనని చెప్పెయ్యి. ఎండెక్కాక షెడ్డుకు తోసుకెళ్తాలే."

ఒకప్పుడైతే ఆమె ఏడ్చేది. ఇప్పుడు కొంగు దోపుకుని నేల మీద కూర్చుంది. ఆయిలు బోల్టు గీత అలాగే ఉంది. బ్రేకు నట్టు గీత అలాగే ఉంది. ప్లగ్గు మూత దగ్గర కన్ను ఆగింది. స్క్రూ గట్టిగానే ఉంది. గీత మాత్రం విరిగింది. స్క్రూ మీది ఎరుపు ఒక వైపు, మూత మీది ఎరుపు ఇంకో వైపు.

మూత తీసింది. టోపీ ఊడి, తీగకు వేలాడుతోంది.

ఆమె టోపీని చేతిలోకి తీసుకుంది. అదురుకు స్క్రూ వదులవుతుంది, నిజమే. వదులైంది తిరిగి బిగుసుకుంటుందా? అక్క దిగిన రోజు. శిక్షణ రోజు. అమ్మకు ఒంట్లో బాగోలేదని తను బయల్దేరిన రోజు. ప్రతిసారీ తనేం తప్పు చేసిందోనని బండి చుట్టూ తిరిగింది, చెయ్యని తప్పుకు క్షమించమని కూడా అడిగింది. మెకానిక్కు తన మొహం ఎందుకు చూడలేదో ఇప్పుడు తెలిసింది. సాయంత్రం టోపీ నొక్కి పంపడం కూడా ఒక రిపేరేనా? ఇద్దరూ టీ తాగి నవ్వుకుని ఉంటారు. తన జీవితంలో ఎన్ని పొద్దులు ఆ వేలెడు రబ్బరు ముక్క కింద నలిగాయి! ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి దగ్గర గోళ్ల రంగు లేదు మరి.

టోపీ నొక్కింది. టక్కుమంది. బటను నొక్కగానే బండి లేచింది.

"మీ జేబులో తాళం ఇవ్వండి" అంది.

"ఏంటీ? నేను చేశానంటావా? పిచ్చిగానీ పట్టిందా? నాన్నా! నువ్వైనా చెప్పు దీనికి. దారిలో అదురుకు ఊడి ఉంటుంది."

మామగారు కుర్చీలోంచి లేచాడు. మోకాళ్లు పట్టుకుని వంగి, ఆ గీతను చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇచ్చెయ్ తాళం" అన్నాడు.

అతని మొహం మాడిపోయింది. "నీ మంచికే చేశాను. ఇల్లాలన్నాక ఇంట్లో ఉండాలని. అయినా ఒక్క టోపీ లాగితే కొంపలంటుకుపోయాయా?"

ఆమె అరచెయ్యి చాపి ఉంచింది. తాళం పడ్డాక చెయ్యి ముడిచి, బండెక్కింది.

పెద్ద డాక్టరు కంటే ముందే చేరింది. పేట ఆమెకు ఖాయమైంది. మేడం స్వీట్లు తెప్పిస్తానంటే, వద్దు, ల్యాబు వెనక ఖాళీగా ఉన్న గది అద్దెకివ్వమని అడిగింది. ఎందుకని మేడం అడిగితే, "ప్లగ్గు మీద పడ్డ చెయ్యి బ్రేకు మీద పడదని నాకెవరూ హామీ ఇవ్వలేరు మేడం" అంది.

సాయంత్రం వెళ్లి బట్టలు సర్దుకుంది. పెద్ద సామానేం లేదు. అతను తండ్రి కుర్చీ చుట్టూ తిరుగుతున్నాడు. "ఒక స్క్రూ తిప్పినందుకు ఇల్లు వదిలిపోతారా ఎవరైనా? నువ్వు చెబితే వింటుంది నాన్నా. ఒక్క మాట చెప్పు."

ముసలాయన మంచం కిందనుంచి పానాల గోనెసంచి లాగి, తెచ్చి ఆమె బండి మీద పెట్టాడు.

"మీకు ముందే తెలుసా మామయ్యా?" అని అడిగింది ఆమె.

"తుడిచి పెట్టుకో. తుప్పు పడతాయి" అన్నాడాయన. ఆమె కళ్లలోకి చూడలేదు. బండి వీధి మలుపు తిరిగేదాకా నిలబడి, వెనక్కొచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

కొడుకు ఇంకా ఏదో అంటున్నాడు. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"ఇవాళ ఈ ఇంట్లో ఏం జరిగిందో నీకు తెలుసు, నాకు తెలుసు. నిన్ను వెనకేసుకు రావడానికైనా, తనను వెనక్కి పిలవడానికైనా, దాని గురించి నా నోట ఒక్క మాట రాదు. ఇప్పుడు రాదు, ఊరు అడిగినా రాదు, నేను పోయే రోజు నువ్వు తులసినీళ్లు పట్టుకుని అడిగినా రాదు."