పార్సెలమ్మ బ్లాగు

బైబిలును పార్సెలు కట్టడంలో మెలకువంతా మూలల్లోనే ఉంది. నడుమ ఎంత దెబ్బ తగిలినా పుస్తకం ఓర్చుకుంటుంది గానీ, మూల నలిగితే కొన్నవాడు ఓర్చుకోడు. అందుకని ఆమె ముందుగా అట్టముక్కలు మడిచి మూలలకు టోపీల్లా తొడిగింది. పైన గోధుమరంగు కాగితం చుట్టి, గోటితో మడత గీసి, టేపు అంటించి, పురికొస బిగించి, ముడి దగ్గర పళ్ళతో కొరికింది. కత్తెర చేతికందేంత దూరంలోనే ఉంది. అయినా పెళ్ళి కాకముందు అబ్బిన అలవాటు, పళ్ళు కదులుతున్నా మానలేదు.

మనిషి పొట్టి, కాస్త బొద్దు. రోజంతా నిలబడడం వల్ల సాయంత్రానికి పాదాలు చెప్పుల్లో పట్టవు. ఏళ్ళ తరబడి టేపు అంటించి అంటించి బొటనవేలి గీతలు అరిగిపోయాయి, సొంత ఫోను కూడా ఆ వేలిని గుర్తుపట్టదు. దుకాణంలో అందరూ ఆమెను పార్సెలమ్మ అంటారు. మొదట్లో వేళాకోళానికి పెట్టిన పేరు, తర్వాత వేళాకోళం పోయి పేరు మిగిలింది. అసలు పేరు జీతం ఇచ్చే రోజున మాత్రం వినబడుతుంది, అదీ ఓనరుగారు ఒకటికి రెండుసార్లు తడుముకున్నాక.

దుకాణం ముందు గదిలో బైబిళ్ళు, పాటల పుస్తకాలు, గోడకు తగిలించే వాక్యాల పటాలు. దాని వెనక ఈమె గది, ఆ వెనక బైండింగు గది, ఆపైన పెరడు. ఈమె బల్ల కిటికీ పక్కన ఉంది. కిటికీలోంచి చూస్తే పెరడూ, పెరట్లో మసిబారిన ఇనప డ్రమ్మూ కనిపిస్తాయి. ఈ మధ్య ఆ కిటికీ రెక్క ఆమె దగ్గరగా వేసే ఉంచుతోంది. ఎవరైనా అడిగితే దుమ్మని చెబుతోంది.

పార్సెలమ్మకు ఒక బ్లాగుందని ఆ దుకాణంలో ఎవరికీ తెలియదు. ఇంట్లో భర్తకు తెలుసు గానీ, అదేదో కుట్లూ అల్లికల్లాంటి కాలక్షేపమని ఆయన నమ్మకం. బడిలో ఆమె వ్యాసాలను టీచరు తరగతిలో చదివి వినిపించేది. ఆ పొగడ్త ఇంకా ఆమె లోపల ఎక్కడో నిలవ ఉంది. ఒకసారి దుకాణం నడిపే మాసపత్రికకు వ్యాసం ఇస్తే, ఓనరుగారు తిరగేసి, "అరె, మన పార్సెలమ్మ కూడా రాస్తుందే!" అని అందరికీ వినబడేలా నవ్వి తిరిగిచ్చేశారు. ఆ నవ్వు ఆమెకు ముల్లులా దిగింది. అప్పుడే ఒక మగవాడి మారుపేరుతో బ్లాగు మొదలుపెట్టింది. చదివేవాళ్ళు చెల్లెలూ, రిటైరైన ఒక పంతులుగారూ, దేనికైనా సరే "చాలా బాగుంది" అని రాసే అజ్ఞాతవ్యక్తి ఒకడూ.

అలాంటి బ్లాగు ఒక్కసారిగా గుప్పుమంది. ఆ మధ్య ఒకరోజు కిటికీలోంచి పొగ వస్తే తలెత్తి చూసింది. పెరట్లో బైండరు బాబాయి డ్రమ్ములో బైబిళ్ళు వేసి కాలుస్తున్నాడు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. లేచి నాలుగడుగులు వేసి అడిగితే సరిపోయేది. అడగలేదు. ఫోనుతో ఫొటో తీసింది. ఇంటికి వెళ్ళి, బైబిళ్ళు అమ్మి బతికే దుకాణం పెరట్లో జరుగుతున్నది ఇదీ అంటూ ఆ రాత్రే రాసి పెట్టేసింది. అందులో ఓనరుమీద కోపమెంత, దేవుడిమీద భక్తెంత అని ఎవరైనా నిలదీస్తే ఆమె చెప్పగలిగేది కాదు.

మర్నాడే బాబాయి తనంతట తనే చెప్పాడు, వెనక బీరువాకు చెద పట్టిందని, పక్క బీరువాకు పాకుతుంటే ఓనరుగారు కాల్చేయమన్నారని. రాసింది తీసేద్దామని ఆమె భోజనాల వేళ ఫోను తెరిచింది. తెరిస్తే చదివినవాళ్ళ సంఖ్య కళ్ళముందే పెరుగుతోంది. ఎవరెవరో పెద్దవాళ్ళు, పాస్టర్లు, చదువుకున్నవాళ్ళు, ఆమె వాక్యాలను ఎత్తి రాసుకుని మెచ్చుకుంటున్నారు. సాయంత్రం దాకా చూద్దామనుకుంది. సాయంత్రానికి ఇంకా ఎక్కువయ్యారు. అలా తీయలేదు. అదీ సంగతి. దానికి ఇంకో పేరు పెట్టడానికి ఆమె ఎంతో ప్రయత్నించింది గానీ దొరకలేదు.

ఫొటోలో బాబాయిని గుర్తుపట్టి దుకాణం ముందు జనం గుమిగూడారు. ఓనరుగారు మెట్లమీద నిలబడి, పనివాడొకడు తనకు తెలియకుండా చేసిన పని ఇది అన్నారు. బాబాయిని లోపలికి పిలిచి, వయసు మీద పడింది కదా, ఇక విశ్రాంతి తీసుకోమన్నారు. ఇవాళ ఆ విశ్రాంతికి ముందు ఆఖరి రోజు.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు లేచాక బాబాయి ఆమె గదిలోకి వచ్చాడు. ఎత్తయిన మనిషి, కుట్టుపనికి వంగీ వంగీ మెడ ముందుకు సాగిపోయింది. గోళ్ళ చుట్టూ జిగురు పొరలు పొరలుగా ఎండి ఉంది.

"తిన్నావా అమ్మాయ్?"

"ఆఁ, తిన్నాను బాబాయ్." తినలేదు.

"నీకు ఫోనులో టైపు కొట్టడం వచ్చుగా. నాకో సాయం చేసిపెట్టు తల్లీ. ఆ రాసినాయనకి నాలుగు ముక్కలు రాయాలి. కింద ఎవరైనా రాయొచ్చటగా?"

ఆమె చేతిలో టేపు చుట్ట జారి బల్లకిందికి దొర్లిపోయింది. దాన్ని వెతికే వంకతో కావలసినదానికన్నా ఎక్కువసేపే వంగి ఉండిపోయింది.

"ముందు ఆయనేం రాశాడో ఒకసారి చదువు" అన్నాడు బాబాయి, స్టూలు లాక్కుని కూర్చుంటూ. "అందరూ తిట్టడమే గానీ అందులో ఏముందో నేను విన్నదే లేదు."

తేలు కుట్టిన దొంగకైనా చీకట్లో ఒక మూల దొరుకుతుంది. ఆమెకు అదీ లేదు. ఫోను పట్టుకుని, ఒక పెట్టెమీద కూర్చుని చదవసాగింది. తన మాటలు తన గొంతులో పరాయివాళ్ళవిలా వినిపించాలని ఎంత మెల్లగా, ఎంత తడబడుతూ చదవాలో అంతగానూ చదివింది. ఒక్క వాక్యం దగ్గరకొచ్చేసరికి వదిలేద్దామనుకుంది. అది మూడు నాలుగు సార్లు తిరగరాసి, తూకం చూసి, మురిసిపోయి పెట్టుకున్న వాక్యం. కానీ అలవాటుపడ్డ నాలుక ఆగలేదు.

"ఆ చేతులు వణకలేదు. వాక్యం బూడిదవుతుంటే ఆ పెదవుల మీద నవ్వు ఆడింది."

బాబాయి గోటి పక్కన ఎండిన జిగురు గిల్లుకున్నాడు. తర్వాత తల ఊపాడు.

"బాగా రాశాడమ్మా. వింటుంటే నాకే నా మీద కోపమొస్తోంది."

ఆమె ఫోనును ఒళ్ళో బోర్లించింది.

"కానీ నవ్వలేదమ్మా నేను. చదువుతున్నా. చెద తిన్నవన్నీ అమ్ముడుపోకుండా మూలపడ్డవి. ఎవరూ తెరవకముందే చెద తెరిచింది పాపం. మరి పుస్తకమన్నాక ఒక్కరైనా చదవాలి కదా, అచ్చయిన పాపానికి? అందుకని ఒక్కోటీ తెరిచి, ఏ పుటొస్తే ఆ పుటలో ఒక మాట పైకి చదివి, అప్పుడు వేశా. నోరు తెరిచి ఉంది కాబట్టి ఫొటోలో నవ్వినట్టు పడింది."

చెద సంగతి ఆమెకు తెలుసు. ఇది తెలియదు. తెలియనందుకు తప్పు తగ్గుతుందేమోనని ఒక్క క్షణం ఆశపడింది. అలా ఆశపడినందుకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"అంతా దిద్దమనొద్దు. నవ్వాడన్న ఆ ఒక్క ముక్క దిద్దమను చాలు" అన్నాడు బాబాయి. "ఆదివారం చర్చిలో సంఘానికి వాక్యం చదివేది నేనే కదా, ఇన్నేళ్ళుగా. ఇప్పుడు కొన్నాళ్ళు వెనక కూర్చోమన్నారు. నవ్వుతూ కాల్చినవాడు చదివితే ఎలా వింటామని గొడవట. ఉద్యోగం పోతే పోయింది, ఏదో ఒకటి కుట్టుకుని బతుకుతా. ఆ చదవడం పోతే మాత్రం ఉండలేను తల్లీ. పాస్టరుగారు మంచోడు, సమాధానం రాయించు, నేను చూస్తాను అన్నాడు."

"ఓనరుగారు చెప్తేనే కాల్చావని కూడా రాయనా?"

"వద్దొద్దు. ఇంతమంది పొట్టపోసుకునే చోటు. ఆయన ఊసెత్తకు."

అతను చెప్పుకుపోయాడు. "అయ్యా, దండాలు. కాల్చింది నేనే. చెద పట్టింది, కాల్చక తప్పలేదు. నవ్వలేదండీ, చదువుతున్నా. ఆ ముక్క దిద్దండి." ఆమె వేళ్ళు అలవాటుకొద్దీ పరిగెత్తాయి. "మహాశయా, నమస్కారం. చెదల బారినపడి శిథిలమైన ప్రతులను అగ్నికి అర్పించక తప్పని పరిస్థితి ఏర్పడింది. ఆ క్షణాన నా పెదవుల మీద ఆడినది నవ్వు కాదు, వాక్యమే." చదివి వినిపిస్తే బాబాయి కళ్ళు పెద్దవి చేశాడు.

"నేను ఇంత బాగా మాట్లాడానా!"

అతని పేరు పెట్టి పంపింది. అతను తెరవైపు మెడ సాచి చూశాడు.

"పడిందా?"

"వెంటనే కనబడదు బాబాయ్. బ్లాగు రాసినవాళ్ళు ఒప్పుకోవాలి."

"ఒప్పుకుంటాడంటావా?"

"బాబాయ్, ఆ రాసింది..." అంది.

"ఊఁ?"

"...మంచివాళ్ళే అయ్యుంటారులే."

"అవును, అంత చక్కగా రాసినాయన చెడ్డోడెలా అవుతాడు" అని ఆమె తలమీద చెయ్యి వేసి, మోకాళ్ళు పట్టుకుని లేచాడు.

సాయంత్రం ఓనరుగారు అందరినీ పిలిచి చిన్న ప్రార్థన చేశారు. అతని సేవలను మరువలేమన్నారు. అందరూ ఆమెన్ అన్నారు, పార్సెలమ్మ కూడా అంది. ముందు గదిలో కొనేవాళ్ళు ఉన్నారని బాబాయిని పెరటి దారిన వెళ్ళమన్నారు. ఆమె తిరిగొచ్చి ఒక పార్సెలుకు ముడి వేస్తుండగా పెరటి తలుపు గొళ్ళెం చప్పుడైంది. పళ్ళమధ్య పురికొసతోనే కిటికీ రెక్క తోసి చూసింది. అప్పటికే తలుపు మూసుకుంది.

వెంటనే ఫోను తీసి అతని వ్యాఖ్యను ఆమోదించింది. చేతులు కాలాక పట్టుకున్న ఆకే అయినా, ఏదో ఒకటి పట్టుకున్నానన్న ఊరట కలిగింది. ఆ ఊరట పార్సెలు పూర్తయ్యేదాకా కూడా నిలవలేదు. కింద మాటలు వచ్చిపడ్డాయి. "పుస్తకాలు కుట్టుకునేవాడు ఇలా రాస్తాడా? దుకాణంవాళ్ళు ఎవరో పండితుడి చేత రాయించారు." ఇంకొకరు, "ఎదురుపడితే దండాలనేవాడికి మహాశయా అనడం ఎవరు నేర్పారో!" చివరన పాస్టరుగారి పేరుతో ఒక చిన్న మాట. "ఇవి ఆయన మాటలు కావు. ఆయన నాకు తెలుసు. ఇలా అబద్ధంగా రాయించుకుంటాడనుకోలేదు. బాధగా ఉంది."

వాళ్ళన్నది నిజమే. అవి అతని మాటలు కావు. చెప్పిన నాలుగు ముక్కలూ చెప్పినట్టే కొట్టి ఉంటే ఎవరికైనా అతని గొంతు వినిపించేది. వాటిని కూడా తన వాక్యాలుగా చేసుకుంది. మెప్పించే చోటు కాకపోయినా మెప్పుకోసమే రాసింది. తనను తాను ఇంత అసహ్యించుకోగలనని ఆమెకు ఇన్నేళ్ళలో తెలియదు.

ఫోనుతోనే బైండింగు గదిలోకి వెళ్ళి అతని స్టూలుమీద కూర్చుంది. "ఈ సమాధానం టైపు చేసింది నేను. ఈ బ్లాగూ నాదే. అదే దుకాణంలో పార్సెళ్ళు కడతాను. ఆయన నవ్వలేదు" అని కొట్టింది. కింద తన అసలు పేరు కూడా పెట్టింది. ఇక వేలు ఆనించడమే మిగిలింది. ఉద్యోగం గుర్తొచ్చింది, భర్త ముఖం గుర్తొచ్చింది, ఆ తర్వాత అన్నిటికన్నా సిగ్గుపడవలసిందిగా, ఇక తనను ఎవరూ చదవరన్న సంగతి గుర్తొచ్చింది.

"పార్సెలమ్మా, తాళం వేసేస్తున్నాం!" అని ముందు గదిలోంచి ఓనరుగారు కేక వేశారు.

"వస్తున్నానండీ" అంది. ఫోను సంచీలో వేసుకుంది. రేపు పొద్దున్నే పంపుతాననుకుంది. తన రేపు ఎలాంటిదో ఆమెకు బాగా తెలుసు.

దీపం ఆర్పబోతూ తలుపు వెనక్కి చూసింది. మేకుకు బాబాయి పనివేళ కట్టుకునే ఆప్రాన్ వేలాడుతోంది. ఏళ్ళ జిగురు ఎండి బిరుసెక్కిన ఆ గుడ్డ, ఇంకా ఎవరో తొడుక్కునే ఉన్నట్టు, మెడ దగ్గర కొంచెం ముందుకు వంగి నిలబడి ఉంది.