పదకొండు మీటర్ల రెక్క

"అంత బరువున్నది ఎలాగెగురుతాదే?" అన్నాడు మా బావ, తిన్న కంచంలోనే చెయ్యి కడుగుతూ. అడిగింది నా ఫోన్లో బొమ్మ గురించే, చూసింది మాత్రం నా నడుం వైపు. దేవేంద్ర నాకు మేనత్త కొడుకు, ఆపైన మొగుడు. కాబట్టి వెక్కిరించడానికి తనకి రెండు హక్కులున్నాయని అతని నమ్మకం. మామూలుగా అయితే ఆ కంచం తీసి, ఆ మాట మింగి, గిన్నెల దగ్గర కూర్చునేదాన్ని. ఆరోజు కంచం తీస్తూనే చెప్పడం మొదలుపెట్టాను. ఆ జీవి మీద నాకు అంత ప్రేమ పుట్టింది మరి.

దాని పేరు క్వెట్జల్‌కోట్లస్. డైనోసార్ల కాలంలో ఎగిరిన సరీసృపం, డైనోసార్ మాత్రం కాదు. నిలబడితే జిరాఫీ అంత ఎత్తు, బరువు రెండు క్వింటాళ్ల పైనే ఉండొచ్చంటారు. రెక్కలు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకి పది పదకొండు మీటర్లు. పక్షిలా వెనక కాళ్ల మీద లేచేది కాదట. మడిచిన రెక్కలనే ముందుకాళ్లు చేసుకుని నేల మీద నడిచేది, లేవాలంటే వాటితోనే నేలని గట్టిగా తన్ని గాల్లోకి దూకేది. ఎముకలు లోపల గుల్ల. రోజంతా నడిచి నడిచి అలిసిన అవయవాలే దాన్ని ఆకాశంలోకి లేపేవని చదివిననాడు, స్కూలుకి వెళ్లే ఆటోలో నాకు పట్టరాని నవ్వు వచ్చింది. పొద్దున్నే దోసెలు, డబ్బాలు, బట్టలు, ఆ తర్వాత ఎనిమిదో తరగతికి సైన్సు. నా చేతుల వంక చూసుకున్నాను. పక్కనున్నవాళ్లు ఏమనుకున్నారో తెలీదు.

ఈ ఏడు సైన్సు ప్రదర్శనకి దాన్ని అసలు కొలతలోనే చేద్దామని మా స్కూలు ఆడపిల్లలతో అన్నాను. సరుగుడు కర్రలు దొరికాయి. మరి గుడ్డ? పదకొండు మీటర్లంటే రెండు చీరలు. ఇంట్లో ఇనప్పెట్టెలో ఉన్న పెట్టుబడి చీరలు గుర్తొచ్చాయి. శుభకార్యాలకి ఒకరికొకరు పెట్టుకునేవే గానీ ఎవరూ కట్టనివి. బొట్టుతో సహా ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి ఊరేగుతుంటాయి. నారింజ రంగుదొకటి, ఆకుపచ్చదొకటి తీసి కత్తెర వేసేశాక మా అత్త నారాయణమ్మ వచ్చింది. నారింజది మా ఆడపడుచు ఉష గృహప్రవేశానికని అట్టేపెట్టిందట. "అన్న కూతురని తెచ్చుకుంటే ఇల్లు గుల్ల సేస్తన్నాది" అన్న మాట ఆవిడ నోట ఎన్నిసార్లు విన్నానో నాకే తెలుసు.

అత్త ఆ చీర మడతలన్నీ విప్పి, అంచు తిప్పి తిప్పి చూసింది.

"ఇది నానే ఉషకి ఎట్టిన సీర," అంది. "అది బొబ్బిలోళ్లకి ఎట్టినాది. ఆళ్లు మనకి ఎట్టినారు. ఊరూరా తిరిగొచ్చింది గాని ఒక్క ఆడదీ కట్టలేదు." నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. "పోనీ, నీ పిట్టయినా కడతాది. సూదియ్యి."

"పిట్ట కాదత్తా."

"ఏదో ఒకటి. దారమేదీ?"

శ్రీకాకుళంలో జిల్లా ప్రదర్శన రోజు అది ఏ గదిలోనూ పట్టలేదు. మైదానంలో విప్పాం. నాగావళి మీదుగా గాలి వచ్చేసరికి రెండు చీరలూ ఉబ్బి పైకి లేచాయి. కొసలు పట్టుకున్న పిల్లలు మునివేళ్ల మీద నిలబడి కేకలు పెట్టారు, వాళ్లతోపాటు నేనూ పెట్టాను. నలభై దాటిన టీచర్ని, ముడి ఊడిపోయి, కొంగు ఎక్కడుందో తెలియకుండా. అంత సంతోషం నాకు నా పెళ్లిలో కూడా లేదు.

రాష్ట్రస్థాయికి ఎంపికైందని తెలియగానే మా హెడ్మాస్టరు జగన్నాధం గారు దయగా నవ్వారు. "విజయవాడకి మోహనకృష్ణ మాస్టారు పట్టుకెళ్తారు లెండి. నాలుగు రోజులంటే ఇంటికాడ మీకు ఇబ్బంది కదమ్మా."

మోహనకృష్ణ గారు లెక్కలు చెబుతారు. పొద్దుట్నుంచి దాన్ని డైనోసారనే అంటున్నారు. కిందటేడు నేను చేయించినదీ ఆయనే తీసుకెళ్లారు, నేను "అలాగే సార్" అన్నాను. ఈసారీ ఆ మాట నాలుక చివరికి వచ్చింది. ఇంతలో గాలి మళ్లీ వీచి, శ్రావణి అనే పిల్ల చేతిలోంచి కొస జారింది. నేనే పరుగెత్తి పట్టుకున్నాను. లాగుతోంది, నిజంగానే లాగుతోంది.

"నేనే వెళ్తాను సార్," అన్నాను.

నన్ను ఇంటికి తీసుకెళ్లడానికి బండి తెచ్చిన బావ వెనకే నిలబడి విన్నాడు. "నాలుగు రోజులా? వంటెవులు సేస్తారే?" అన్నాడు, అందరి ముందూ.

కోపం రావలసింది. రాలేదు. "ముందిది పట్టుకో బావా, సిరిగిపోతాది," అన్నాను. వచ్చి నా పక్కన నిలబడి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నువ్వే సేస్తావు," అన్నాను. "ఎసరెంతెట్టాలో రేపు నేర్పుతాను."