బయటి మందు

పటమటలోని ఆ క్యాన్సర్ ఆసుపత్రిలో, మందు ఎక్కించే గదిలోంచి సాలేహాను లేపి బయటికి పంపేశారు. ఆటోనగర్ యూనియన్ తరఫున తోడు వెళ్లిన నేను కళ్లారా చూశాను. ఆమె చేసిన నేరమల్లా హైదరాబాదులో తయారైన మందు తెచ్చుకోవడం.

రొమ్ము క్యాన్సరుకు ఆ మందే ఆమె ప్రాణం. విదేశీ కంపెనీ పేటెంటు గడువు ముగిసింది. మన కంపెనీలు దానికి సరిజోడు మందు తయారుచేసి, ప్రభుత్వ అనుమతితో ఎంతో తక్కువకు అమ్ముతున్నాయి. ఈ ఆసుపత్రి షాపులో మాత్రం ఆ ఖరీదైన విదేశీ మందే ఉంటుంది. అక్కడ కొన్నదే ఎక్కిస్తారు. ఇది వైద్యం కాదు, పచ్చి దోపిడీ.

ఆమె భర్త తౌసిఫ్ మెకానిక్. షెడ్డు అమ్మిన డబ్బంతా ఆ షాపుకే పోశాడు. అది అయిపోయాక, ఈసారి బయటి మందు కొన్నాడు. చల్లగా ఉంచాలని ఎవరో చెబితే, చేపల పెట్టె నిండా ఐసు పోసి సీసాను అందులో పాతిపెట్టి తెచ్చాడు.

"గడ్డకట్టిందండీ. ఇక పనికిరాదు," అంది నర్సు.

మేనేజరు అఖిలేష్ సీసా ఎత్తి అందరికీ చూపించాడు. "చూశారుగా! బయటి మందులంటే ఇదండీ సంగతి," అంటూ సాలేహాను కుర్చీలోంచి లేపించాడు.

సాయంత్రం యూనియన్ ఆఫీసులో సగంమంది తలలు వంచుకున్నారు.

"ఆయనన్నదీ నిజమేగా," గొణిగాడు ఒక పెయింటరు.

లేత్ పని చేసే బడే మియా లేచాడు. "ఏందిరా నిజం? కస్టమరు బయట పార్టు తెచ్చుకుంటే మనమేం చేస్తాం? కొలత చూస్తాం, సరిపోతే బిగిస్తాం. నా కొట్లో కొనకపోతే బండి ముట్టుకోనని ఇక్కడ ఎవడన్నా అన్నాడా? ఐసులో పెట్టింది మన తప్పు, దిద్దుకుందాం. కొనకపోతే చావమనేది వాడి తప్పు. అదెవడు దిద్దుతాడు?"

అందరం చందాలు వేసుకున్నాం. డీలరు దగ్గర పద్ధతి తెలుసుకుని, ఐసు తగలకుండా కొత్త సీసా తెచ్చాం.

మేం గుంపుగా వెళ్లేసరికి గేటు దగ్గర పోలీసు వ్యాను ఉంది. ఎవరూ మమ్మల్ని ఆపలేదు. అదే నాకు భయం పుట్టించింది. లిఫ్టు ఆపేసి ఉంది. సాలేహా మధ్యమధ్య కూలబడుతూ మెట్లెక్కింది.

"మందు బాగానే ఉంది సార్," అంది నర్సు, కొత్త సీసా పరీక్షించి.

"మందు సంగతి కాదండీ, రూలు ఒప్పుకోదు," అన్నాడు అఖిలేష్.

తౌసిఫ్ అతని కాళ్ల మీదికి వంగబోయాడు. "వద్దు, లెగు," అని సాలేహా ఖాళీ కుర్చీలో కూర్చుంది. "ఎక్కించిందాకా నేను లెగను."

అఖిలేష్ ఫోను తీశాడు. పోలీసులు పైకొచ్చి తౌసిఫ్‌నీ, బడే మియానీ మెడలు పట్టి లాక్కుపోయారు. మందు ఎక్కించుకోవడానికి వరసగా కూర్చున్న ఆడవాళ్లు కుర్చీల్లో బిగుసుకుపోయారు. నర్సు సూదితో పక్క కుర్చీలోని రమాసుందరి దగ్గరికి వెళ్లింది. ఆమె రిటైరైన టీచరు. చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ముందు ఆమెకి ఎక్కించమ్మా."

"లేటైతే మీకే ప్రమాదం మేడం!"

"తెలుసు. ఆమెకి కాదా మరి?"

ఆ పక్కనున్నామె కూడా చెయ్యి ముడుచుకుంది. తర్వాత మరొకామె. చివరి కుర్చీలో ఒక పడుచుపిల్ల వెక్కివెక్కి ఏడుస్తోంది. "నాకు చచ్చే భయంగా ఉందక్కా," అంటూనే చేతిని చున్నీ కింద దాచుకుంది.

కింద వ్యాను కదిలిన చప్పుడైంది. మెట్ల మీద మళ్లీ బూట్లు వినిపించాయి, ఈసారి ఇంకా ఎక్కువమందివి. ఏ ఒక్కరూ చెయ్యి చాపలేదు.