తిరిగిరాని పిల్ల

"టికెట్లు నేనే తెస్తి. ఇంక నీకు పనేమున్నది? తయారు గమ్మంటే గింత సేపా?" అన్నాడు దేవేందర్, చెప్పులేసుకుని గడపలో నిలబడి.

భార్య పద్మలత లోపల చీర కుచ్చిళ్లు దోపుకుంటోంది. మ్యాట్నీకి పోవాలంటే మధ్యాహ్నం వంట, రాత్రి వంట రెండూ పొద్దున్నే కావాలి. అత్త దుర్గాబాయికి పప్పు మెత్తగా ఉడకాలి. నల్లా వచ్చినప్పుడే నీళ్లు పట్టాలి. ఇవన్నీ అయ్యాక చీర మార్చుకోవడానికి ఆమెకు మిగిలింది ఆయన చెప్పులేసుకునేంత సేపు. ఆలస్యమని ఆయన తిట్టింది దాన్నే. పెరట్లో కూతురు సుచిత్ర అంట్లు తోముతోంది. ఆ గిన్నెల చప్పుడు వింటే ఈమధ్య పద్మలతకు ఒళ్లు మండుతోంది. పిల్లకు షామీర్‌పేట గురుకులంలో సీటొచ్చింది. సోమవారంలోగా చేరాలి. "ఆడపిల్లను అంత దూరం తోలుతమా?" అన్నాడు దేవేందర్. ఆయన రోజూ పోయే జీడిమెట్ల ఫ్యాక్టరీ కన్నా షామీర్‌పేట దూరమేమీ కాదు. దుర్గాబాయి మాత్రం ఉన్నమాట అనేసింది: "అది పోతే అంట్లెవరు తోముతరే?"

సినిమా పేరు 'గంప కింద ఏనుగు'. పద్మలత చిన్నప్పుడు మేడ్చల్ బడిలో చదివిన బొమ్మల పుస్తకాన్నే సినిమాగా తీశారు. ఆమె చదువు ఏడో తరగతితో ఆగిపోయింది కానీ ఆ పుస్తకం మనసులో నిలిచిపోయింది. తర్వాత అల్వాల్‌లో రోడ్డు పక్కన పాత ప్రతి కనబడితే కూతురి కోసం కొన్నది. ఆ కథలో ఒక పిల్లకు ఏనుగు గున్న దొరుకుతుంది. గంప కింద దాచి పెంచుతుంది. ఏనుగు గంపను మించి, ఇంటిని మించి పెరుగుతుంది. అప్పుడా పిల్ల దాని మీదెక్కి, "ఇటు కాదు ఏనుగమ్మా, అటు!" అని, ఊరంతా చెయ్యూపుతుంటే లోకం చూడ్డానికి పోతుంది. చివరి పేజీలో ఖాళీ గంప, ఏనుగు అడుగులు, అంతే. పిల్ల తిరిగిరాదు. ఆ పేజీలో ఎవరూ ఏడవరు, ఎవరూ శపించరు. ఒక ఆడపిల్ల పోతే ఊరు చెయ్యూపిన చోటు పద్మలతకు తెలిసినంతలో అదొక్కటే. తల్లీకూతుళ్లు ఆ పేజీ తెరిచి చాలాసేపు చూస్తూ కూర్చునేవారు.

సినిమాలో ఆ పిల్లకు ఒక అన్నను పుట్టించారు. ఏనుగును కాపాడింది అన్న. దొంగలను కొట్టింది అన్న. పిల్ల ఏనుగుకు వండిపెట్టింది. ఆఖరికి ఆమె ఏనుగెక్కగానే హాల్లోని పిల్లలంతా ఒక్క గొంతుతో "ఇటు కాదు ఏనుగమ్మా, అటు!" అని అరిచారు. సుచిత్ర కుర్చీ మీద లేచి నిలబడి అరిచింది. తెర మీద అన్న ఏనుగుకు అడ్డం వచ్చాడు. పిల్లను దింపాడు. ఆమె తండ్రి కాళ్ల మీద పడి, "ఇంక గడప దాటను నాన్నా" అని ఏడ్చింది.

ఈలలు. చప్పట్లు. పక్కన దుర్గాబాయి, వెనక వరసల్లో ఆడవాళ్లు కొంగులతో కళ్లొత్తుకున్నారు. చప్పట్లు కొట్టినవన్నీ పెద్దవాళ్ల చేతులే. పిల్లలు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. ముందు వరసలో ఎవరి పిల్లో "బుక్కుల గిట్ల లేదు!" అని అరిస్తే, "సప్పుడు జెయ్యకు" అని ఒక మగగొంతు నోరు మూయించింది. పద్మలత ఆ ఖాళీ గంప బొమ్మను తలుచుకుంది. ఒక్క పేజీ. దాన్ని కూడా వదల్లేదు.

"అమ్మా, ఆ పిల్ల వాపసు ఎందుకొచ్చింది?" సుచిత్ర అడిగింది.

"రాక ఏం జేస్తది బిడ్డా?" దేవేందర్ అందుకున్నాడు. "జూసినవా, ఇల్లు జేరితేనే అందరు ఎట్ల ఖుష్ అయిన్రో! అందుకే హాస్టల్ గీస్టల్ వద్దన్న." అని భార్య వంక చూసి నవ్వాడు.

బయట టీవీ వాళ్లు పబ్లిక్ టాక్ తీసుకుంటున్నారు. మైకు పట్టుకున్న అమ్మాయి పద్మలతను ఆపింది. "మేడం, సినిమా ఎలా ఉంది?"

దేవేందర్ మెడ ముందుకు చాచాడు. "మా ఫ్యామిలీకి మస్తు నచ్చింది మేడం. ముఖ్యంగ లేడీసుకు. మా మిసెస్ అయితే ఏడ్సింది."

"ఆవిడను చెప్పనివ్వండి సార్."

"ఆమెకు మైకుల మాట్లాడుడు రాదు."

పద్మలత మైకును తన వైపు లాక్కుంది.

"నేను ఏడ్వలే. పుస్తకంల ఆ పిల్ల తిరిగిరాదు. గీ సినిమోళ్లు జుట్టు వట్టి గుంజుకొచ్చిన్రు. గీ పెద్దోళ్లు సప్పట్లు గొట్టిన్రు." సుచిత్ర భుజం మీద చెయ్యేసింది. "నా బిడ్డకు షామీర్‌పేట గురుకులంల సీటొచ్చింది. సోమవారం నేనే తీస్కపోయి జేర్పిస్త. జేరకపోతే, ఎవరు ఆపిన్రో మీరు గీయన్ని అడుగున్రి."

గుంపు నవ్వింది. మైకు దేవేందర్ వైపు తిరిగింది. వెనకే కెమెరా తిరిగింది. "సార్, పాపను చేర్పిస్తున్నారా?"

టీవీ అంటే ఫ్యాక్టరీ అంతా చూస్తుంది. దేవేందర్ కాలరు సర్దుకున్నాడు. "చేర్పిస్తున్నమండీ. ఆడపిల్లలు చదవాలె గదా!" అన్నాడు.

నలుగురూ ఆటో ఎక్కారు. సందు మలుపు తిరిగాక దుర్గాబాయి ఇక ఆగలేకపోయింది.

"అయితే సోమవారం సంది అంట్లెవరు తోముతరే?"

"మీ కొడుక్కు రెండు చేతులున్నయి గదా, అత్తమ్మా" అన్నది పద్మలత.