టమాటా వేసిన గంబో

పిండి గోధుమరంగు తిరిగింది. వెర్లీ థిబొడో మంట పెంచలేదు, గరిటె ఆపలేదు. గంబో పులుసుకు పిండిని నూనెలో ముప్పావు గంట కలపాలి. ఒక్క నిమిషం ఏమరితే మాడుతుంది, మాడితే పారబోసి మళ్లీ మొదలెట్టాలి. ఈ వృద్ధాశ్రమం వంటింట్లో ఇరవై ఆరేళ్లుగా ప్రతి శుక్రవారం ఇదే పని. కలిపి కలిపి కుడిభుజం కిందికి జారింది. ముంజేతుల నిండా నూనె చిట్లిన మచ్చలు.

గోడమీద కొత్త కాగితం ఉంది. నూనెపిండి బంద్, మొక్కజొన్నపిండి నీళ్లతో చిక్కబరిస్తే చాలట. కింద పథ్యం చూసే క్లారిస్ సంతకం. ఇంకోసారి మాట దాటితే ఉద్యోగం ఉండదని నిన్ననే చెప్పింది. ఆ పిల్ల చెడ్డదేం కాదు. ఆశ్రమంలో ఉంటున్న ముసలాయన నోలన్ మెటోయర్ కాళ్లు నీరుపట్టాయని ఆమె భయం. కానీ ఈ వారం మొదలైన చప్పిడి కూడు చూసి ఆయన నాలుగు రోజులుగా మెతుకు ముట్టలేదు. తిననివాడికి పథ్యమేమిటని వెర్లీకి ఒళ్లు మండింది.

అందుకే ఉప్పు మానేసింది, సాసేజ్ మానేసింది. రొయ్యల తలలు మరిగించిన నీళ్లు, బెండకాయలు, ఉల్లిపాయలు వేసింది. నూనెపిండి మాత్రం వదల్లేదు.

నోలన్ మంచం దగ్గరికి తెచ్చిన గిన్నె వాసన చూసి, టమాటా ఏదని అడిగాడు. ఆయన క్రియోల్ వాడు, వాళ్ల గంబోలో టమాటా ఉండాల్సిందే. లూసియానా బాడవ నేలల్లో పుట్టిన వెర్లీ, ఫ్రెంచి వలసవాళ్ల సంతతి అయిన కేజన్ మనిషి. కేజన్ ఇళ్లలో గంబోలో టమాటా వేస్తే వంటే కాదు. మూడేళ్లుగా శుక్రవారం శుక్రవారం ఇదే తగువు. ఈసారి ఆయన తగువాడలేదు, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

వెర్లీకి భయమేసింది. వంటింట్లోకి వెళ్లి, రెండు టమాటాలు తరిగి, చిన్న గిన్నెలో వేరేగా తీసిన గంబోతో ఉడికించి, కప్పులో పోసి తెచ్చింది.

“మా అమ్మ చూసుంటే నన్ను ఇంట్లోంచి గెంటేసేది. తినండి.”

“మీ అమ్మకి వంటొచ్చని ఎవరన్నారే?” అంటూ నోలన్ లేచి కూర్చుని చెంచా అందుకున్నాడు. అంతా తిని, ఇంకాస్త పెట్టమన్నాడు.

గుమ్మంలో క్లారిస్ నిలబడి ఉంది.

“నూనెపిండి వేశారా, మిస్ వెర్లీ?”

“వేశాను. రాసుకో అమ్మా. ఆయన రెండోసారి అడిగాడని కూడా రాయి.”

క్లారిస్ రెండూ రాసింది. మధ్యాహ్నానికల్లా వెర్లీని ఉద్యోగంలోంచి తీసేసినట్టు ఉత్తర్వు వచ్చింది. వెర్లీ బతిమాలలేదు. ఆమెకు రవ్వంత పశ్చాత్తాపం కూడా లేదు. ఏప్రన్ విప్పి మడతపెట్టి, ముందుగుమ్మం గుండానే వెళ్లిపోయింది.

పొయ్యిమీద చిన్న గిన్నెలో ఇంకో పూటకు సరిపడా టమాటా గంబో ఉంది, మూతమీద నోలన్ పేరు రాసిన చీటీ.