నర్సమ్మ ఫోను

నర్సమ్మ చనిపోయాక కూడా ఆవిడ ఫోనుకి రోజూ పొద్దున్నే ఛార్జింగు పెట్టేవాడు ఆవిడ భర్త. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. మందులు వేసుకోవడం మర్చిపోయేవాడు గానీ ఇది మాత్రం మర్చిపోయేవాడు కాదు. ప్లగ్గు పెట్టగానే తెర వెలిగేది. నీలం రంగు మీద టైము, దాని కింద చిన్న తాళం బొమ్మ. కాసేపు దాన్నే చూస్తూ కూర్చునేవాడు.

ఆ తాళం వేసింది కూతురే.

ఆమెది ఓ చిన్న డిజిటల్ హక్కుల సంస్థలో ఉద్యోగం. రెండు గదుల ఆఫీసు, పని పడ్డప్పుడే మొరాయించే ప్రింటరు. ఫోన్లో మాట్లాడుకున్నది పరాయివాళ్ళ చెవిన పడకుండా ఎలా చూసుకోవాలో విలేకర్లకీ, లాయర్లకీ, మొగుడి నిఘాలో బతికే ఆడవాళ్ళకీ నేర్పడం ఆమె పని. చుట్టాలింటికి వెళ్ళినా ఊరుకునేది కాదు. "అదుగో, మా తాళాలమ్మ వచ్చింది. ఎవరి ఫోన్లు వాళ్ళు దాచుకోండి" అని తల్లి ఆటపట్టించేది.

అలాంటి తల్లే ఒకరోజు తనంతట తానే ఫోను తెచ్చి కూతురి ఒళ్ళో పెట్టింది. నర్సమ్మ ఉద్యోగమంతా కాన్పుల వార్డులోనే గడిచింది. రిటైరయ్యాక కూడా అక్కడ పురుడు పోసుకున్న ఆడవాళ్ళు ఆవిడని వదల్లేదు. డాక్టరుకి చెప్పలేనివీ, కన్నతల్లికి చెప్పలేనివీ ఆవిడకి మెసేజీలు పెట్టేవాళ్ళు. వాళ్ళలో ఒకమ్మాయి రాసింది అత్తగారి కంటపడి ఆ ఇల్లు రణరంగమైపోయింది.

"అది ఆ పిల్ల ఫోన్లోంచి పోయింది, సరే. నా ఫోన్లోంచి మాత్రం ఒక్క మాట బయటికి పోకూడదే" అంది తల్లి.

కూతురు పొడుగాటి పాస్‌వర్డ్ పెట్టించింది. అదేమిటో తనకి కూడా చెప్పొద్దంది. వరసగా తప్పులు కొడితే లోపలున్నదంతా చెరిగిపోయేలా చేసింది. చదివిన మెసేజీలు వారం తిరిగేసరికి రెండు ఫోన్లలోంచీ వాటంతటవే మాయమయ్యేలా అమర్చింది. ఆడవాళ్ళ పేర్లన్నీ తల్లి మార్చేసింది: పచ్చ గొడుగు, మెట్ల మీద పిల్ల, కవలల తల్లి.

"ఇక మీ నాన్న కూడా చూడలేరు కదా?"

"నాన్నేంటమ్మా, నేనే చూడలేను."

"హమ్మయ్య" అంటూ కళ్ళజోడు తీసి తుడుచుకుంది తల్లి.

ఆ ఏడాదే ఓ మధ్యాహ్నం బస్టాపులో నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కూలిపోయింది. ఆసుపత్రికి చేర్చేలోపే అయిపోయింది.

అంతకు గంట ముందు కూతురికి ఓ వాయిస్ మెసేజ్ పెట్టింది. "వచ్చేటప్పుడు నిమ్మకాయలు పట్టుకురా. ఈసారి మర్చిపోయావంటే గుమ్మం తొక్కనివ్వను" అని. నడుస్తూ విని, సరేనని రాసి, ఫోను బ్యాగులో పడేసుకుంది కూతురు. బంధువులంతా వెళ్ళిపోయి ఇల్లు సద్దుమణిగాక ఆ గొంతు మళ్ళీ వినాలనిపించి వెతికింది. లేదు. ఆమె అమర్చినట్టే, వారానికి మాయమైపోయింది. ఖాళీ తెరని పైకీ కిందకీ జరుపుతూ చాలాసేపు ఉండిపోయింది.

నర్సమ్మకి ఫోటోలు, వీడియోలు గిట్టేవి కావు. కానీ వంట చేస్తూ పాడుకునేది. పాడింది రికార్డు చేసుకుని, విని, శ్రుతి తప్పిందని తనని తానే తిట్టుకుని మళ్ళీ పాడేది. అవన్నీ ఆ ఫోన్లోనే ఉన్నాయని తండ్రికి తెలుసు.

"నీ తాళమే కదమ్మా, నువ్వే తియ్యి" అన్నాడు.

"నా చేతుల్లో లేదు నాన్నా. ఎవరి చేతుల్లోనూ ఉండకూడదనే కదా వేసింది."

ఆయన మర్నాడు మళ్ళీ ఛార్జింగు పెట్టాడు. చివరికి కూతురే తట్టుకోలేకపోయింది.

ఆఫీసుకి దగ్గర్లో ఫోన్లు బాగుచేసే అతను ఆమెకి బాగా తెలిసినవాడే. అడగ్గానే గొంతు తగ్గించాడు. "మా స్నేహితుడి దగ్గర ఓ మిషను ఉంది మేడమ్. ఇలాంటి పాత మోడళ్ళని తెరుస్తుంది. మీకు తెలిసే ఉంటుంది."

తెలుసు. అలాంటి మిషన్లు ఎవరి చేతిలో పడితే ఏమవుతుందో ఆమె సంస్థే ఊరూవాడా చాటింది. పైగా, ప్రతి మెసేజీనీ తెరవగల మారు తాళంచెవి ఒకటి కంపెనీలు ప్రభుత్వానికి ఇచ్చి తీరాలని కొత్త చట్టం రాబోతోంది. దాన్ని వద్దనడానికి ఆ నెలలోనే ఆమె, చట్టాన్ని పరిశీలిస్తున్న కమిటీ ముందు మాట్లాడాలి. అయినా ఫోను తీసి కౌంటరు మీద పెట్టింది.

"పాటలు చాలు. మిగతావి ముట్టుకోకూడదు."

"అలా కుదరదు మేడమ్. తెరిస్తే మొత్తం కాపీ అయిపోతుంది. అతని కంప్యూటర్లోకి."

ఆమె ఆలోచిస్తూ ఉండగానే తెర వెలిగింది. "పచ్చ గొడుగు నుంచి ఒక మెసేజ్" అని ఉంది, అంతే. ఏం రాసిందో కనబడదు. ఆవిడెవరో గానీ, నర్సమ్మ లేదన్న సంగతి తెలియక ఇంకా రాస్తూనే ఉంది. చదివేవాళ్ళు లేక అవన్నీ మాయం కాకుండా లోపలే ఉన్నాయి.

కూతురు ఫోను తీసి బ్యాగులో పెట్టుకుంది. "వద్దులే అన్నా. పని చెప్పి మళ్ళీ వద్దంటున్నాను, ఏమనుకోకు."

ఇంటికొచ్చి జరిగింది చెబితే తండ్రి భగ్గుమన్నాడు. ఆయన గొంతు అంత పెద్దదవడం ఆమె ఎన్నడూ వినలేదు.

"ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళ గుట్టు కాపాడతావు. నేనేమైపోయినా పర్లేదా నీకు? దాని గొంతు నాకు గుర్తుకు రావట్లేదే! మాటలు గుర్తున్నాయి, గొంతు పోతోంది!"

ఆ గొంతు ఆమెకీ పోతోంది.

ఆ ఆదివారం తండ్రీ కూతుళ్ళు ముభావంగా భోంచేస్తుంటే ఫోను మోగింది. తాళం వేసి ఉన్నా, వచ్చిన కాల్ ఎత్తడానికి ఏ పాస్‌వర్డూ అక్కర్లేదు. ఎడంచేత్తో స్పీకరు నొక్కాడు తండ్రి.

"సిస్టరమ్మా! ఎన్ని మెసేజీలు పెట్టాను, కోపమొచ్చిందా నామీద?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. "నేను ఆవిడ భర్తనమ్మా. ఆవిడ లేదు. పోయి రెండు నెలలైంది."

అవతలి నుంచి ఏడుపు వినబడింది, చేత్తో నోరు మూసుకుని ఏడ్చే ఏడుపు. అది కాస్త సర్దుకున్నాక భయం భయంగా అడిగింది.

"బాబాయ్ గారూ... ఆ ఫోను ఎవరైనా చూశారా? నేను రాసినవి..."

ఆయన కూతురి వైపు చూశాడు. ఆమె పళ్ళెంలోకి చూస్తోంది.

"లేదమ్మా. ఎవరూ చూడలేదు. చూడరు కూడా. నువ్వు నిశ్చింతగా ఉండు."

"కోపమొస్తే తిడుతుందిలే, ఆ గొంతు వింటే చాలనిపించి చేశానండీ."

"నాకూ అంతేనమ్మా" అన్నాడాయన.

ఆ తర్వాత వచ్చిన ప్రతి కాలూ ఆయనే ఎత్తాడు. ఒకావిడ నర్సమ్మ తనని ఎలా తిట్టిందో చెప్పి ఏడుస్తూనే నవ్వింది. పేరు చెప్పమని ఆయన ఎవరినీ అడగలేదు. రానురాను కాల్స్ తగ్గాయి. కూతురు కమిటీ ముందుకు వెళ్ళి చెప్పాల్సింది చెప్పి వచ్చింది. చట్టం వాయిదా పడింది. పోయిందో, మళ్ళీ ఎప్పుడు లేస్తుందో ఎవరికీ తెలియదు.

ఓ రోజు తండ్రే అడిగాడు. "ఇది ఇలాగే ఉంటే ఎప్పటికీ భద్రమేనా?"

ఆయనకి అబద్ధం చెప్పడం ఆమెకి ఇష్టం లేకపోయింది. "కాదు నాన్నా. ఫోను పాతబడే కొద్దీ తెరవడం తేలికవుతుంది. ఆ మిషను ఇవాళ మనం కాదన్నాం. రేపు ఇది ఎవరి చేతిలో పడుతుందో."

"చెరిపెయ్యాలంటే?"

"తప్పు పాస్‌వర్డులు కొడుతూ పోతే అదే చెరిగిపోతుంది."

"ఒప్పుది తగిలితే?"

"తెరుచుకుంటుంది."

"అప్పుడు పాటలు మనకి, మిగతాది అక్కడే తుడిచేద్దాం" అని ఆయన కిటికీ దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పెళ్ళిరోజు కొట్టాడు. ఫోను కాదంది. కూతురి పుట్టినరోజు, ఇద్దరూ మొదట కాపురం పెట్టిన ఇంటి నంబరు, ఆయన నడిపిన బస్సు నంబరు. ప్రతిసారీ నొక్కబోయే ముందు వేలు ఆగేది. తప్పు పెరిగేకొద్దీ ఫోను మరికాసేపు ఆగమనేది. ఆగేవాడు. మధ్యలో కూతురు టీ తెచ్చింది, అది చల్లారిపోయింది.

"ఇదే ఆఖరిది నాన్నా."

ఆయన చాలాసేపు ఆలోచించాడు. తామిద్దరూ ఒంటరిగా ఉన్నప్పుడు భార్య తనని పిలిచే ముద్దుపేరు, కూతురికి కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టి, ఒక్కో అక్షరమే కొట్టాడు.

తెర నల్లబడింది. తర్వాత తెల్లగా వెలిగి, కొత్త ఫోనులా, ఏ భాష కావాలో ఎంచుకోమంది.

"అది కూడా కాదట" అన్నాడు. నవ్వబోయాడు. "ఏం పెట్టుకుందే మీ అమ్మ?"

"తెలీదు నాన్నా" అంటూ ఆమె పక్కనే నేలమీద కూర్చుని ఆయన మోకాలికి తల ఆనించింది. ఆయన ఫోను పక్కన పెట్టి ఆమె తల మీద చెయ్యి వేశాడు. వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు కాక తంటాలు పడుతున్నారు. అది స్టార్టయి వెళ్ళిపోయాక కూడా ఇద్దరూ లేవలేదు.